ఆసనసిద్ధి

“ఎక్కడండీ ఆపరేషను?” అని అడిగారు స్టాఫురూములో.

“కాకినాడలోనే” అన్నాను.

“అది కాదండీ, ఏ చోట అని.”

“గాంధీనగరం వెళ్ళే దారిలో.”

అడిగినాయన చరిత్ర లెక్చరరు. తారీఖులూ స్థలాలూ తేలితేగాని వదిలే మనిషి కాడు. అంచేత ఆ గంటలో నాకు లేని క్లాసొకటి కల్పించుకుని బయటపడ్డాను. వరండాలో నా నడక చూసి ఆయన గ్రహించే వుంటాడు. గ్రహించినా నోరు విప్పనందుకు ఈనాటికీ ఆయనకు కృతజ్ఞుణ్ణి.

రోగం పేరు భగందరం. ఇంగ్లీషులో ఫిస్ట్యులా. మూలశంకే కాబోలునని ఆరు నెలలు మజ్జిగ తాగుతూ, మిరపకాయలు మానేస్తూ కాలక్షేపం చేశాను. తీరా డాక్టరుగారు చూసి, లోపలినుంచి చర్మందాకా ఒక సన్నని దారి పడిందనీ, ఆ దారిని కోసి తెరిస్తే అడుగునుంచి మెల్లిగా పూడుకుంటూ వస్తుందనీ, మందులతో పోయేది కాదనీ చెప్పారు. పోయినేడు ఆగస్టులో కోశారు.

తెలుగు ఎం.ఏ. చదివినవాడు మంచం మీద పడుకున్నా పుస్తకం వదలడు గదా. సుశ్రుతసంహిత తెప్పించుకున్నాను. నా రోగం సామాన్యమైనది కాదు సుమండీ! అష్టమహాగదాలని ఎనిమిది పెద్ద రోగాలు చెప్పి, వాటిలో దీన్నీ కూర్చోబెట్టాడు ఆ మహానుభావుడు. మళ్ళీ ఇందులో ఐదు రకాలు. ఒంటె మెడలా వుండేది ఉష్ట్రగ్రీవమట, నత్తగుల్ల సుడిలా తిరిగేది శంబూకావర్తమట. ఇంత చక్కని సమాసాలు ఇంత పాడు చోట ఖర్చు చేశాడేమిటా అని విచారించాను. ఫ్రాన్సు రాజు పధ్నాలుగో లూయీకీ ఇదే జబ్బు. 1686 నవంబరు 18న ఫెలిక్స్ అనే శస్త్రవైద్యుడు ఆయనకు కోత కోశాడు. రాజుగారు కొన్నాళ్ళకు మళ్ళీ గుర్రమెక్కాడని చెబుతారు. ఆ తర్వాత రోగం లేని ఆస్థానీకులు కొందరు తమకూ అదే ఆపరేషను చేయమని వైద్యుల వెంటపడ్డారట. మా స్టాఫురూములో అంతటి రాజభక్తులెవరూ లేరు.

అయితే సుశ్రుతుడి దగ్గర నన్ను కంగారు పెట్టింది వేరే వుంది. పుండు మానిన తర్వాత కూడా ఒక ఏడాదిపాటు వ్యాయామం, కోపం, గురుభోజనం వగైరా మానాలన్నాడు. వాటితోపాటు పృష్ఠయానం, అంటే స్వారీ, అదీ పనికిరాదన్నాడు. ఆయన కాలానికి సైకిలు లేదు గాని, వుంటే ఆ జాబితాలో మొదట పడేది.

ఏడాది! నాకు అంత వ్యవధి లేదు. ఎందుకు లేదో చెబుతాను.

మా ఇల్లు జగన్నాథపురంలో. కాలేజీకి ఉప్పుటేరు మీది వంతెన దాటి మూడు కిలోమీటర్లు. మా అమ్మాయి పదో తరగతి. దాని బడి నా దారిలోనే. ఐదేళ్ళుగా ఇద్దరం చెరో సైకిలూ వేసుకుని పొద్దున్నే బయలుదేరేవాళ్ళం. సందుల్లో పక్కపక్కన, మెయిన్‌రోడ్డు ఎక్కాక వెనకా ముందూ. ఈ పదిహేను నిమిషాల్లో నాకు తెలిసినంత మా అమ్మాయి సంగతి మిగతా ఇరవై మూడు ముప్పావు గంటల్లో తెలియదు. ఇంట్లో దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి “ఏమ్మా, బళ్ళో ఏమిటి విశేషాలు?” అంటే “ఏం లేవు నాన్నా” అంటుంది. అదే సైకిలు మీద, నేనేమీ అడక్కుండానే, లెక్కల మాస్టారి కోపం దగ్గర్నుంచి స్నేహితురాలితో పడిన పేచీదాకా అన్నీ చెప్పేస్తుంది. మొహాలు చూసుకోనక్కర్లేదు గదా, అందుకేనేమో.

పదో తరగతి అయితే పిల్లల్ని విజయవాడకో హైదరాబాదుకో హాస్టలు కాలేజీకి పంపడం మా వీధిలో ఆనవాయితీ. మా ఇంట్లోనూ ఆ మాట అనుకుంటున్నారు. సుశ్రుతుడి ఏడాది గడిచి నేను సైకిలెక్కే వేళకు పక్క సైకిలు మీద ఎవరూ వుండరన్నమాట. ఆగస్టునుంచీ నేను షేరాటోలో ఒక పిర్ర మీద కూర్చుని వెళుతున్నాను. అది ఒక్కతే వెళుతోంది.

డాక్టరుగారు సుశ్రుతుడికన్న దయగలవారు. మూడు నెలలు సైకిలు ముట్టుకోవద్దన్నారు. నవంబరు ఆఖరున పరీక్ష చేసి, “పూర్తిగా మానిందండీ. మెల్లిగా మొదలుపెట్టండి. నొప్పి పుడితే దిగిపోండి. రక్తం గాని రసి గాని కనిపిస్తే ఆ పూటే నా దగ్గరికి రండి” అన్నారు.

మర్నాడే ఎక్కాను. నాది నల్ల రంగు పాత కాలపు బండి, వెనక స్ప్రింగులున్న సీటు. సందు చివరిదాకా బాగానే వుంది. వంతెన ఎక్కేటప్పుడు ముందుకు వంగి బలంగా తొక్కేసరికి, సీటు ముక్కు సరిగ్గా కోత పడిన చోట గునపంలా తగిలింది. దిగి నడిపించుకుంటూ వంతెన దాటాను. అమ్మాయి కూడా దిగి పక్కనే నడిచింది. “నాన్నా, నీకు నొప్పిగా వుంటే వద్దు. నేను వెళతాలే” అంది. బడికి ఆలస్యమైంది. ఆ పూట ఇంకేమీ చెప్పలేదు.

“స్కూటరు కొనుక్కోండి, మెత్తగా వుంటుంది” అంది మా ఆవిడ.

“సీటు మార్చి చూస్తాను” అన్నాను.

మొదటి సాయం మా బావమరిది చేశాడు. జెల్లు నింపిన సీటు కవరు తెప్పించి, తనే వచ్చి తొడిగి, “ఇలా వుండాలి బావగారూ, ఫ్యాషను” అంటూ సీటు కూడా రెండంగుళాలు పైకి లేపి వెళ్ళాడు. చేత్తో నొక్కితే మైసూరుపాకు కాదు, హల్వా! ఎక్కిన మొదటి ఐదు నిమిషాలు స్వర్గం. పది నిమిషాలకు తిమ్మిరి. పదిహేనో నిమిషానికి పాత సీటే నయమనిపించింది. ఇంత మెత్తటిది ఇలా చేసిందేమిటో నాకు అంతుపట్టలేదు.

మర్నాడు మా జువాలజీ ఆయన్ని, ఊరికే తెలుసుకుందామన్నట్టుగా, “మనిషి కూర్చున్నప్పుడు బరువు దేని మీద పడుతుందండీ?” అని అడిగాను. ఆయన ఊరికే చెప్పే రకం కాదు. లాబుకు తీసుకుపోయి, మూల వేలాడే అస్థిపంజరాన్ని ఇటు తిప్పి కటిభాగం చూపించాడు. అడుగున రెండు పక్కలా రెండు గుబ్బల్లాంటి ఎముకలున్నాయి. ఆసనాస్థులట. పేరులోనే వుంది చూడండి పని! బరువంతా మోయడానికి పుట్టినవి అవి రెండే. వాటి నడుమ జాగా బరువు మోసేది కాదు. నరాలూ రక్తనాళాలూ ఆ దారినే పోతాయి. నా కోతా ఆ ఇలాకాలోనే.

అప్పుడు తెలిసింది హల్వా గుట్టు. బియ్యం బస్తా మీద రెండు చేతులూ ఆనించి నొక్కితే నడుమ ఉబ్బుతుందా లేదా? అలాగే ఎముకలు రెండూ జెల్లులో కూరుకుపోతాయి. అక్కణ్ణుంచి తప్పుకున్న జెల్లు నడుమకు పొంగి, తగలరాని చోటే తగులుతుంది. ఎముకల కింద గట్టిగా వుండాలి, నడుమ ఖాళీగా వుండాలి. మనం చేసేదేమో మొత్తం మెత్తగా చేయడం.

ఆ రెండు ఎముకల మధ్య దూరం మనిషి మనిషికీ వేరు. కొలుచుకోవడానికి ఖర్చులేని ఉపాయం వుంది. లోపల మడతల కాగితం వుండే అట్టపెట్టె ముక్క ఒకటి చెక్క కుర్చీ మీద పరిచి, దాని మీద కూర్చుని, పాదాలు కాస్త పైకెత్తి ఒక నిమిషం వుండాలి. లేచి చూస్తే అట్ట మీద రెండు సొట్టలుంటాయి. ఆ సొట్టల నడిమినుంచి నడిమికి స్కేలు పెట్టి కొలిస్తే సరి. నాకు పన్నెండున్నర సెంటీమీటర్లు వచ్చింది. సీటు వెనక భాగం ఇంతకన్న రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పుండాలి. నిటారుగా కూర్చుని తొక్కే నాబోటివాళ్ళకు ఇంకాస్త వున్నా మంచిదే. నేను ఈ శాస్త్రీయ పరిశోధనలో తలమునకలై వుండగా మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చింది. అట్ట మీద కాళ్ళెత్తుకుని కూర్చున్న భర్తను చూసి, కాఫీ బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమన్నా అంటే బాగుండేది.

తర్వాత రేసు సైకిళ్ళమ్మే కొట్లో నడుమ కాలువలా తవ్విన సీటొకటి 1200 రూపాయలు పోసి కొన్నాను. నడుమ ఖాళీ వుంది గదా అని సంతోషించాను గాని, కొలత సంగతి అక్కడ మరిచాను. అది వంగి పరుగెత్తే కుర్రవాళ్ళ సీటు. సన్నం. నా ఆసనాస్థులు రెండూ దాని అంచులు దాటి గాలిలో వుండిపోయాయి. కాలువ గట్లు మాత్రం ఒరుసుకున్నాయి.

ఇంకా చదివాను. ముక్కే లేని సీట్లున్నాయట! అమెరికాలో సైకిళ్ళ మీద గస్తీ తిరిగే పోలీసులకు తిమ్మిర్లు వస్తున్నాయని, అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ తొంభై మందికి ముక్కులేని సీట్లిచ్చి ఆరు నెలలు తొక్కించింది. 2008లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు తొక్కేటప్పుడు తిమ్మిరి లేదన్నవాళ్ళు నూటికి ఇరవై ఏడుగురైతే, తర్వాత ఎనభై ఇద్దరయ్యారు. ఇది చిన్న సంగతి కాదు. ఎవరికైనా తిమ్మిరి విడవకుండా వస్తూంటే ఆలోచించదగిన సీటే. అయితే ముక్కనేది ఊరికే పెట్టింది కాదు. మలుపులో తొడలతో బండిని పట్టుకునేది దానితోనే. అది లేకపోతే బరువు కొంత చేతుల మీదికి పోతుంది. ఉప్పుటేరు వంతెన మీద లారీ పక్కన ఆ విద్య అభ్యాసం చేసే ధైర్యం నాకు లేకపోయింది. అలా డిసెంబరు సగం గడిచింది.

ఇక మిగిలింది వంతెన ఇవతల సైకిలు కొట్టు పెద్దాయన. నిజానికి మొదట పోవలసింది ఆయన దగ్గరికే. ఎందుకు పోలేదంటే, ఆయన అడుగుతాడు గనక. అడిగాడు కూడాను.

“సీటెందుకండి మార్చడం? మీ సీటుకేమైందండి?”

“అసౌకర్యంగా వుంది, బాబాయ్.”

“అంటే ఎక్కడండి?”

పంక్చరు వేయించుకునేవాళ్ళిద్దరు బల్ల మీద కూర్చుని వున్నారు. నేను అటూ ఇటూ చూశాను. ఆయన నా మొహం చూసి, చేతిలో ట్యూబు నీళ్ళలో ముంచుతూ, “మొలలాండి?” అన్నాడు, గాలి కొట్టమంటారా అన్నంత మామూలుగా.

ఇంక దాచేదేముంది? “కాదు, భగందరం. ఆపరేషనైంది” అన్నాను.

“ఆయ్! నాకు మొలలకి కోశారండి. పన్నెండేళ్ళయిందండి” అన్నాడు. బల్ల మీది ఆర్టీసీ డ్రైవరు వెంటనే, “మాకు ఉద్యోగంతోపాటే ఇస్తారండీ” అన్నాడు. మూడో ఆయన ఏమీ అనలేదు గాని, ఏ డాక్టరు దగ్గర చేయించుకున్నారని నన్ను చాటుగా అడిగి రాసుకున్నాడు. అష్టమహాగదాల్లో రెండింటికి ఆ బల్ల మీద అప్పటికప్పుడు మహాసభ జరిగిపోయింది. ఐదు నెలలుగా నేను కాపాడుకొచ్చిన రహస్యం విలువ అంతే!

పెద్దాయన నన్ను బండెక్కి పది గజాలు పోయి రమ్మన్నాడు. వెనకనుంచి చూశాడు.

“మాస్టారూ, మీరు ఊగుతున్నారండి.”

“ఊగడమేమిటి?”

“సీటు ఎత్తైపోయిందండి. పెడలు అడుక్కెళ్ళినప్పుడల్లా కాలందక, నడుం అటొకసారి ఇటొకసారి వాలుస్తున్నారు. అంటే ఆ ముక్కు మీద రంపం కోస్తున్నట్టేనండి.”

బావమరిది లేపిన రెండంగుళాలు! జెల్లు కవరు తీసేశాను గాని, ఎత్తు అలాగే వుండిపోయింది. పెద్దాయన పానా తీసి సీటు దించాడు. మడమ పెడలు మీద పెడితే, పెడలు అడుగున వున్నప్పుడు మోకాలు సరిగ్గా చాపుకోవాలట. పాదం మునివేళ్ళ మొదలుతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగే వుంటుంది, నడుం కదలదు. కొలతంటే ఇంతే. ఆ తర్వాత పక్కన ఇల్లు కట్టే తాపీమేస్త్రీని కేకేసి రసమట్టం అడిగి తెచ్చి, నా పాత సీటు మీద పొడుగ్గా పెట్టాడు. బుడగ ఒక చివరికి పారిపోయింది. సీటు కింది క్లిప్పు అరిగి, నా బరువుకు వెనక భాగం దిగి, ముక్కు లేచి వుంది. ఏళ్ళ తరబడి మెల్లిమెల్లిగా లేచింది గనక, ఆపరేషనుకు ముందు నాకు తెలిసేది కాదు.

క్లిప్పు మార్చినా పాత సీటు నడుమ కుంగిపోయింది గనక లాభం లేదన్నాడు. అటక మీద వెతికాడు. మొదట దుమ్ము కొట్టుకుని తోలు సీటొకటి దిగింది. ఇంగ్లండునుంచి వచ్చిన బ్రూక్సు సీటు. వీటి కథ తమాషాగా వుంటుంది. 1866లో బర్మింగ్‌హాములో గుర్రపు జీనుసామాను చేసే కొట్టు పెట్టిన బ్రూక్సు అనే ఆయన, తన గుర్రం చచ్చిపోతే సైకిలు అరువు తెచ్చుకుని ఎక్కాడట. సీటు బాధ పడలేక తనే తోలు సీటు తయారుచేశాడని కంపెనీవారు చెప్పుకునే కథ. 1882లో పేటెంటుకు పెట్టాడు. జీను కుట్టిన చెయ్యి గనక, ఉయ్యాలలా తోలు బిగించి వదిలాడు. కొన్ని వందల మైళ్ళు తొక్కేసరికి ఆ తోలు ఎక్కినవాడి ఎముకలకు తగ్గట్టు దిగుతుంది. అలాంటి సీట్లు ఇప్పటికీ వస్తున్నాయి. చూడగానే నాకు ఆశ పుట్టింది.

పెద్దాయన దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నాడు. “ఇది ఎవరి ఒంటికో దిగిపోయిన తోలండి. మీకు కుదరదు. కొత్తదైతే చెక్కలా వుంటది, అది దిగేదాకా మీరాగలేరు” అన్నాడు.

చివరికి తేలింది సాదా సీటు. రెక్సిను కప్పినది, వెనక స్ప్రింగులు, వెనక భాగం వెడల్పు, పైన పల్చని గట్టి స్పాంజి, ముక్కు పొట్టి. జేబులోంచి అట్టముక్క తీసి దాని మీద పెట్టి చూశాను. రెండు సొట్టలూ చదునైన చోటే పడ్డాయి. అట్టముక్క ఏమిటని ఆయన అడిగాడు. చెప్పాను. పదిసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదుంచుకోనాండి?” అన్నాడు. ఇచ్చేశాను. సీటు బిగించి రసమట్టం పెట్టాడు, బుడగ నడుమకొచ్చింది. హ్యాండిలు అంగుళం లేపాడు, ముందుకు వంగనక్కర్లేకుండా. సీటుకూ చాకిరీకీ కలిపి 450 రూపాయలు.

“గతుకొచ్చినప్పుడు మాత్రం లేవాలండి. పెడళ్ళ మీద నుంచోండి. సీటంటే కుర్చీ కాదు గదండి.”

ఇంకొక సంగతి ఆర్టీసీ డ్రైవరు చెప్పాడు. ప్యాంటుకు నాలుగు కుట్లూ వచ్చి కలిసే ముడి ఎక్కడుంటుందో ఆలోచించమన్నాడు. నిజమే! మా తాతగారు పంచె కట్టుకునే ఊరూరా సైకిలు మీద తిరిగారు. ఆయనకీ బాధ లేదు. దర్జీ దగ్గరికి పోయి ఆ చోట కుట్ల ముడి లేకుండా పలకలాంటి ముక్క వేయించాను. దర్జీ కూడా ఎందుకని అడిగాడు. ఈసారి తిన్నగానే చెప్పాను.

మొదటి వారం సందులోనే తిరిగాను. రెండో వారం వంతెనదాకా పోయి వెనక్కి వచ్చాను. రాత్రి పూట గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చునేటప్పుడు, డాక్టరుగారు చెప్పిన రక్తమూ రసీ ఎక్కడైనా కనిపిస్తాయేమోనని గుండె పీచుపీచుమంటూనే వుండేది. కనిపించలేదు. సంక్రాంతి సెలవలకు ముందు ఒకసారి చూపించుకుంటే, “ఏమీ లేదు, వెళ్ళండి” అన్నారు.

సెలవలయి బడి తెరిచిన రోజున అమ్మాయితోపాటు నేనూ సైకిలు బయటికి తీశాను. అది ఏమీ అనలేదు గాని, సందంతా నా పక్కనే మెల్లిగా తొక్కింది. వంతెన ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది. వచ్చేస్తున్నాననట్టు బెల్లు కొట్టాను. పైకి వెళ్ళేసరికి ఆయాసం వచ్చిన మాట నిజం; అది ఆరు నెలలు తొక్కని కాళ్ళది, సీటుది కాదు. కింద ఉప్పుటేట్లో పడవలు వరసగా కట్టేసి వున్నాయి.

వంతెన దిగి ఎడంపక్కకు తిరగ్గానే నా పక్కకు వచ్చి, రోడ్డు వంకే చూస్తూ, “నాన్నా, నాకు హాస్టలుకు వెళ్ళాలని లేదు” అంది.

“ఎప్పటినుంచి?”

“దసరానుంచి.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు ఆటోలో వెళ్ళిపోతున్నావుగా.”

ఈ ఊళ్ళోనే చదువుతానంది. ఎక్కడ చదివేదీ, ఏ గ్రూపు తీసుకునేదీ, వాళ్ళమ్మకు ఎవరు చెప్పేదీ బడి గేటుదాకా మాట్లాడుకున్నాం. ఇంకా తేలలేదు. వాళ్ళమ్మకు చెప్పే పని మాత్రం నామీద పడింది.

కొత్త సీటు క్లిప్పు వారం పది రోజుల్లో కాస్త వదులవుతుందట, శనివారం ఒకసారి తెమ్మన్నాడు పెద్దాయన. రేపే శనివారం.